తాడ్వాయిలో వడ్రంగి పిట్టలు: పక్షుల ప్యాకేజీ మాత్రం కట్టకండి

హన్మకొండ నుంచి ములుగు జిల్లా తాడ్వాయి అడవి దాకా రోడ్డు బాగుంది. ములుగులో టిఫిన్ చేశాం, అదీ బాగుంది. మా గొడవంతా దారిలో దిగిన ప్రైవేటు రిసార్టుతోనే.

గదికి 2,800 తీసుకున్నారు. వడ్రంగి పిట్టలు చూడాలని వచ్చామనగానే ‘పక్షుల ప్యాకేజీ’ అని మనిషికి ఇంకో 1,200 కట్టించుకున్నారు. మేం నలుగురం. అయిదున్నరకల్లా జీపు సిద్ధంగా ఉంటుందని రాత్రి ఒకటికి రెండుసార్లు చెప్పిన మేనేజర్, పొద్దున ఏడున్నర దాకా ఫోనే ఎత్తలేదు. జీపు కదిలేసరికి ఎనిమిది దాటింది, ఎండ ఎక్కేసింది. పైగా డ్రైవర్ సినిమా పాటలు పెట్టాడు. ఆపమంటే, “మీకు బోర్ కొడుతుందని సార్” అన్నాడు. నాలుగు గోరింకలు చూపించి వెనక్కి తిప్పాడు. డబ్బులు అడిగితే, పిట్టలు కనిపిస్తాయని గ్యారంటీ ఇవ్వలేదు కదా అని ఎదురు మాట్లాడారు. మేం అడిగింది గ్యారంటీ కాదు, చెప్పిన టైముకు బయలుదేరడం! మా వదిన ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒక కోయ కుర్రాడు పరిచయమయ్యాడు. నలుగురికీ కలిపి 600 అడిగాడు. తెల్లారకముందే వచ్చి నిలబడ్డాడు. అడవి అంచున నడుస్తుంటే, “సప్పుడు చేయకుండ్రి సార్, మొదలు ఇనుండ్రి” అన్నాడు. ఫిబ్రవరి కాబట్టి టేకు ఆకు చాలావరకు రాలిపోయింది, కొమ్మల మధ్య చూపు దూరం దాకా పోతోంది. టక్ టక్ అని వినపడింది. ఎండు మాను మీద పెద్ద వడ్రంగి పిట్ట. రెక్కలు బంగారు రంగు, మెడ వెనక నుంచి వీపు మీదకు తెల్లటి మచ్చ. మామూలుగా ఊళ్లలో కనిపించే వడ్రంగి పిట్టకు మెడ వెనక నలుపే ఉంటుంది. దీని తల మీద పసుపు ఉంది కాబట్టి ఆడది, మగదానికైతే ఎరుపు. బిరుసు తోకను మానుకు ఆనించి, ముందు రెండు, వెనక రెండు వేళ్లతో బెరడును పట్టుకుని కొడుతుంటే పేళ్లు మా ముందే రాలాయి. అలిగిన వదినే బైనాక్యులర్ ఎవరికీ ఇవ్వలేదు.

ఇంకాస్త ముందుకు పోయాక, చెట్టుకు ఫుట్‌బాల్ అంత ఉన్న నల్ల చీమల గూడు చూపించాడు. తుప్పు రంగు వడ్రంగి పిట్ట ఆ చీమలను తింటుంది, ఆ గూటినే తొలిచి అందులోనే గుడ్లు పెడుతుంది. ఆ పిట్ట మాకు కనపడలేదు. అయినా గూటికి ఒక పక్క ఉన్న గుండ్రటి బొక్క చూస్తే ఒళ్లు జలదరించింది.

2024 ఆగస్టు 31న సుడిగాలికి ఈ అడవిలో వేల చెట్లు కూలాయి. అందుకే నిలబడి ఉన్న ఎండు మాను కనపడితే ఆ కుర్రాడు ఆగి మరీ చూపిస్తున్నాడు. వడ్రంగి పిట్ట వదిలేసిన తొర్రల్లో చిలుకలు, గోరింకలు, పైడికంటెలు (చిన్న గుడ్లగూబలు) పిల్లలు చేస్తాయి. పొయ్యిలోకి పనికొస్తుందని ఎండు చెట్టు కొట్టేస్తే అన్నిటికీ ఇల్లు పోయినట్టే.

పిల్లలతో వెళ్లేవాళ్లకు పాఖాల నయం. గణపతిదేవుడి కాలం నాటి చెరువు, కట్ట మీద నీడ ఉంటుంది. పిట్టల కోసమే అయితే తాడ్వాయి. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసంలో మాత్రం అటు పోకండి, ఆ జనంలో అడవి చప్పుడు వినపడదు. రిసార్టు జోలికి పోకుండా ములుగులోనే లాడ్జి తీసుకోండి. తిరుగు ప్రయాణంలో మాకు 900కే శుభ్రమైన గది దొరికింది. నాలుగున్నరకు బండి తీస్తే తెల్లారేలోపే తాడ్వాయి చేరతారు.