పొలం గట్లకి సరిపోయే లెన్స్, గుడి గోపురాలకి కాదు

ముందే చెప్పేస్తాను. చేబ్రోలు కోనేరు మధ్యలో ఉన్న చతుర్ముఖ బ్రహ్మ గుడిని కోనేటితో సహా తీద్దామంటే ఈ కెనాన్ 50 ఎంఎం లెన్స్‌లో పట్టదు. గుడి కావాలంటే నీళ్లు పోతాయి, నీళ్లు కావాలంటే గుడి సగం తెగుతుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కట్టించినంత పెద్ద మనసుతో చూడాల్సిన చోటు అది, ఈ లెన్స్‌కి అంత చూపు లేదు. కాబట్టి గోపురాలు, పెళ్లిళ్లు, ఇంట్లో పుట్టినరోజులు తీద్దామని కొనేవాళ్లు ఇక్కడే ఆగిపోయి, కెమెరాతో పాటు వచ్చిన 18-55తోనే హాయిగా ఉండండి. పొలాలు తీసేవాళ్లతో మాత్రం కాస్త ఎక్కువ మాట్లాడాలి.

లెన్స్ పేరు కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే లెన్స్ కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. 2015లో వచ్చిన మోడల్. కొత్తది పది వేలకు అటూ ఇటూగా ఉంటుంది. నా కెమెరా అదే కంపెనీ 1500డి, 24.1 మెగాపిక్సెల్‌ది. లెన్స్ బరువు 160 గ్రాములు. స్కూటీ డిక్కీలో టిఫిన్ బాక్సు పక్కన కెమెరాతో సహా పట్టేస్తుంది. రోజూ మోయాల్సిన వస్తువుకి ఇదే మొదటి అర్హత అని నా లెక్క.

నేను గుంటూరు బ్రాడీపేట నుంచి బుడంపాడు, నారాకోడూరు మీదుగా చేబ్రోలు అవతల ఒక ఊళ్లో హైస్కూలుకి వెళ్తాను. ఆశ్వయుజం మొదలైన దగ్గర్నుంచి కార్తీకం అయిపోయేదాకా రోజుకొక ఫొటో తీశాను. నియమం ఒకటే. బడికి వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో తీయాలి, ఫొటో కోసం వేరే దారి పట్టకూడదు. ఎన్ని తీసినా రాత్రికి ఒక్కటే ఉంచుకోవాలి. అందుకే ఈ రివ్యూలో ల్యాబ్ టెస్టులు, చార్టులు ఉండవు. రోజూ అదే రోడ్డు, అవే చేలు, ఒక్క లెన్స్.

50 ఎంఎం అంటే కంటికి కనిపించినట్టే ఉంటుందని వీడియోల్లో అందరూ చెప్తారు. ఆ మాట ఫొటో పడే చిప్పు, అంటే సెన్సార్, పెద్దగా ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకి. 1500డి సెన్సార్ చిన్నది. 1.6 రెట్లు లెక్కేసుకుంటే 80 ఎంఎం చూపు అవుతుంది. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, పది మీటర్ల దూరంలో నిలబడితే అడ్డంగా నాలుగున్నర మీటర్ల మేరే ఫ్రేములోకి వస్తుంది. మొదట్లో తలుపు సందులోంచి ఊరు చూస్తున్నట్టు అనిపించింది. దసరా సెలవుల్లో అయితే మరీను. వంటింట్లో మా అత్తయ్య గారెలు వేస్తుంటే తీద్దామని వెనక్కి జరుగుతూ జరుగుతూ ఫ్రిజ్‌కి ఆనుకున్నాను. చివరికి వచ్చింది మూకుడు, ఆవిడ చెయ్యి. ఆ రోజుకి అదే ఉంచుకున్నాను, బాగానే ఉంది.

కానీ రోడ్డు మీద ఈ ఇరుకే పనికొచ్చింది. జూమ్ ఉన్నప్పుడు స్కూటీ ఆపి, వెడల్పుగా ఒకటి, దగ్గరగా ఒకటి తిప్పుకుంటూ పది నిమిషాలు పోతాయి. తొమ్మిదికి ప్రేయర్ బెల్ కొట్టే ఉద్యోగంలో పది నిమిషాలంటే మాటలు కాదు. జూమ్ లేకపోతే ఆ గొడవే లేదు. కొన్నాళ్లకి బండి నడుపుతుండగానే తెలిసిపోతుంది, ఆ తాటిచెట్టు మొత్తం రాదు, దానికి వేలాడే గిజిగాడి గూడు మాత్రం వస్తుందని. బండి ఆపేముందే ఫొటో తేలిపోతుంది. రోజూ తీయాలనుకునేవాళ్లు ఈ లెన్స్ కొనడానికి నేను చెప్పే అసలు కారణం ఇదే, ఎఫ్/1.8 తర్వాతి మాట.

న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలు అక్టోబరు రాగానే ఎర్రటి మేపుల్ ఆకులు పంపిస్తుంది. మనకి ఆకు రాలేది ఫాల్గుణంలో. శరత్తులో మన డెల్టా అంతా ఆకుపచ్చ, దాని మీద తెలుపు. కాలవ గట్ల మీద రెల్లు పూత, చేలో కొంగలు, వాన వెలిసిన మబ్బులు. ఈ తెలుపే కెమెరాని తికమక పెడుతుంది. ముదురుపచ్చ వరి మధ్య ఒక్క కొంగ ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఆ పచ్చని చూసి మొత్తం వెలుగు పెంచేస్తుంది. కొంగ తెల్లటి మచ్చ అయిపోతుంది, ఈక ఒక్కటి కనపడదు. కెమెరా మీద ఏవీ (Av) బటన్ నొక్కి పట్టుకుని డయల్ తిప్పి వెలుగుని మైనస్ ఒకటికి దించితే ఈకలు దక్కుతాయి. రెల్లు ఫ్రేము నిండా ఉంటే దీనికి తిరగేసి ప్లస్ వైపు పోవాలి. ఇది లెన్స్ గొడవ కాదు, ఏ కెమెరాకైనా అంతే. అయినా ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోయాను.

కొంగల మాట వచ్చింది కాబట్టి, ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి దీన్ని పట్టుకెళ్లకండి. చెరువులో చెట్ల మీదున్న పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు చుక్కల్లా వస్తాయి. అక్కడికి కనీసం 250 ఎంఎం కావాలి.

ఇక వరి. ఈ లెన్స్‌కి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే. మా బడి ప్రహరీ అవతల చేలో బాపట్ల పరిశోధన స్థానం వాళ్ల బీపీటీ 5204 ఉంది, సాంబ మసూరి అంటారే అదే. 1986లో విడుదలైన రకం ఇంకా చేలల్లో ఉంది. ఇంచుమించు ఐదు నెలల పంట కావడంతో శరత్తు రెండు నెలలూ అది రోజుకో రకంగా కనిపిస్తుంది. చిరుపొట్ట, పొట్ట, వెన్ను తియ్యడం, పూత, పాలు పోసుకోవడం, చివరికి కంకి బరువెక్కి వంగడం. పూత దశలో ఎండ కాస్త ఎక్కాక గింజ పైపొర విచ్చుకుని లోపలి కేసరాలు బయటికి వేలాడతాయి. మళ్లీ మూసుకునేది కాసేపట్లోనే. మాకు ఇంటర్వెల్ పదిన్నరకి, సరిగ్గా ఆ వేళకే.

ఈ లెన్స్ 35 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లనిస్తుంది. 1990 నాటి పాత మోడల్‌లో ఇది 45. ఆ పది సెంటీమీటర్ల తేడా చిన్నదనుకోకండి. 35 దగ్గర ఫ్రేము వెడల్పుగా పది సెంటీమీటర్ల పైచిలుకు పడుతుంది, అంటే ఒక కంకిలో సగం. వరి పువ్వు ఒక్కటే తెర నిండా రావాలంటే మరీ దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్స్ కొనుక్కోవాల్సిందే. కానీ వేలాడే కేసరాలతో సహా కంకి, వెనక కరిగిపోయిన పచ్చ, ఇది చాలు అనుకుంటే ఇంత ధరలో ఇంకోటి దొరకదు. ఒక జాగ్రత్త. అంత దగ్గర్లో ఎఫ్/1.8 పెడితే ఫోకస్‌లో ఉండే మందం రెండు మిల్లీమీటర్లే. గాలికి కంకి అంతకన్నా ఎక్కువే ఊగుతుంది. నేను ఎఫ్/5.6 పెట్టి, షట్టర్ స్పీడు సెకనులో వెయ్యోవంతుకి తగ్గకుండా చూసుకుని, వరసగా నాలుగైదు కొట్టి, అందులోంచి ఏరుకున్నాను.

ఒకరోజు అలా గట్టు మీద గొంతుక్కూర్చుని ఉంటే చేను కౌలు చేసే ఆయన వచ్చారు. ప్రభుత్వం వాళ్ల పంట నమోదు, అదే ఈ-క్రాప్, కోసం తీస్తున్నాననుకున్నారు.

"ఈ-క్రాప్ ఫొటోనా టీచరమ్మా? మొన్నేగా తీసుకుపోయారు."

"కాదు బాబాయ్ గారూ, పూత తీస్తున్నా."

"పూత మీదున్న చేలో దిగమాకండి. గట్టు మీదనుంచే తీసుకోండి."

దిగే పని లేదు. గట్టు పక్క మొదటి వరస చాలు. ఆయనకి తెర మీద పెద్దది చేసి చూపిస్తే, పువ్వు వదిలేసి ఆకు మీద మచ్చ పట్టుకున్నారు. "అగ్గి తెగులేమో ఇది, ఇంకొంచెం పెద్దది చెయ్యండి" అన్నారు. 24 మెగాపిక్సెళ్లు ఆ రోజు నిజంగా పనికొచ్చాయి.

కార్తీకం వచ్చేసరికి వెలుతురు తగ్గిపోతుంది. అక్టోబరు మొదట్లో ఆరుకి కాస్త ముందు గుంకే పొద్దు నవంబరు మధ్యకి ఐదున్నరకే గుంకుతుంది. స్టడీ అవర్ అయ్యి నేను బయల్దేరేసరికి చీకటి పడిపోతుంది. 18-55 లెన్స్ 50 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 దాకానే తెరుచుకుంటుంది. ఇది 1.8 దాకా తెరుచుకుంటుంది, అంటే దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది. గుడి దగ్గర ఉసిరి చెట్టు కింద దీపాలు పెడుతున్న ఆడవాళ్ల మొహాలు దీపం వెలుగుతోనే వచ్చాయి, ఫ్లాష్ లేకుండా. పోలి పాడ్యమి తెల్లారగట్ల కాలవలో అరటి దొప్పల్లో వదిలిన దీపాలు ఐఎస్ఓ 3200లో తీశాను, అంటే కెమెరా వెలుగుని బాగా పెంచి తీసుకునేలా పెట్టి. కాస్త గరుకుదనం ఉంది, ఫరవాలేదు. 1500డిలో తొమ్మిది ఫోకస్ పాయింట్లుంటే అడ్డం, నిలువు గీతలు రెండూ పట్టుకోగల క్రాస్ టైప్ మధ్యదొక్కటే. చీకట్లో మిగతావి మర్చిపోయి మధ్యదాన్ని దీపం వత్తి మీద పెట్టి, సగం నొక్కి, తర్వాత ఫ్రేము సర్దుకోవడం నయం.

లేనివాటి సంగతీ చెప్పాలి. ఇందులో ఇమేజ్ స్టెబిలైజేషన్ లేదు. ఈ కెమెరా మీద సెకనులో ఎనభయ్యోవంతు కన్నా నెమ్మదిగా కొడితే చేతి వణుకు కనిపించే అవకాశం ఉంది, శ్వాస బిగబట్టే అలవాటు ఉన్నవాళ్లకి తప్ప. వానకి, దుమ్ముకి సీలింగ్ లేదు. ఆశ్వయుజంలో ఎప్పుడు జల్లు పడుతుందో తెలియదు కాబట్టి ఒక ప్లాస్టిక్ కవర్, రబ్బరు బ్యాండు డిక్కీలో ఉండాలి. లెన్స్ ముందు ఎండకి అడ్డంగా తగిలించే హుడ్ విడిగా కొనుక్కోవాలి, ఈఎస్-68 అని అడగండి. పొద్దున నేను తూర్పు వైపు వెళ్తాను, ఎండ ఎదురుగా కొడుతుంది, హుడ్ లేకపోతే పచ్చ అంతా వెలిసిపోయినట్టు వస్తుంది. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు ముందు గొట్టం కొంచెం బయటికొస్తుంది. సంచిలో పెట్టేముందు దూరంగా ఉన్న చెట్టు మీద ఒకసారి ఫోకస్ చేస్తే లోపలికి పోతుంది. కెమెరా ఆఫ్ చేశాక రింగు తిప్పినా ఏమీ కదలదు, అది మోటారుతో నడిచే రింగు.

నాకు ఒళ్లు మండింది మాత్రం ప్రింట్ల దగ్గర. ఏరిన ఫొటోలన్నీ 4x6లో వేయించాను. కెమెరా ఫ్రేము 3:2 కాబట్టి ఆ సైజులో అంచులు తెగవు, ఫోన్ ఫొటోలకి ఆ సుఖం లేదు. గుంటూరులో నేనిచ్చిన ల్యాబ్ వాళ్లు చెప్పకుండానే ఆటో కరెక్షన్ పెట్టేశారు. పొట్ట మీదున్న వరి నీలం కొట్టింది, కొంగలు పసుపెక్కాయి, పొగమంచు తీసిన ఫొటోల్లో మంచే లేదు, కాంట్రాస్టు పెంచి తుడిచేశారు. అడిగితే "అందరికీ ఇలాగే వేస్తాం మేడమ్, బ్రైట్‌గా ఉంటే బాగుంటుంది" అన్నాడు కౌంటర్ అబ్బాయి. కరెక్షన్ ఆపి మళ్లీ వేయించుకోవడానికి మళ్లీ డబ్బు కట్టాను. మీరు ఎక్కడ ఇచ్చినా ఆర్డర్ కాగితం మీదే 'కలర్ కరెక్షన్ వద్దు' అని రాయించండి, ముందు రెండు మూడు నమూనా వేయించి చూసుకోండి.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ పోయిన ఒకటి సీలింగ్ లేనందుకు, మన వానల్లో అది పెద్ద లోటే.

లోపల అద్దం ఉండని కెనాన్ ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్ బాడీ ఉన్నవాళ్లు ఇది కొనకండి. దీన్ని తగిలించాలంటే మధ్యలో అడాప్టర్ కావాలి. 2020 చివర్లో వచ్చిన ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం నేరుగా పడుతుంది, బరువు ఇంతే, పైగా 30 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్తుంది. ఫిల్టర్ సైజు మాత్రం వేరు, దానికి 43 ఎంఎం, దీనికి 49 ఎంఎం. దీని ఫిల్టర్లు దానికి పట్టవు.