ఫెల్స్ పాయింట్‌లో ఎక్కడ కూర్చుంటే మేలు: బారా, పబ్బా, కాఫీ షాపా?

మేరీలాండ్‌లోని కొలంబియా, ఎలికాట్ సిటీల నుంచి వారాంతాల్లో బాల్టిమోర్ వచ్చే తెలుగువారు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. నగరంలోని పాత రేవు పేట ఫెల్స్ పాయింట్‌లో ఓ రెండు మూడు గంటలు గడపాలంటే బార్‌కు వెళ్లడం మంచిదా, పబ్‌కు వెళ్లడం మంచిదా, లేక కాఫీ షాపు సరిపోతుందా అన్నది ఆ ప్రశ్న. వెంట వచ్చేది స్నేహితులా, అమ్మానాన్నలా అన్నదాన్ని బట్టి అడిగే తీరు కొంత మారుతుంది గాని, అసలు సందేహం మాత్రం ఒక్కటే: రేవు పక్కనున్న థేమ్స్ వీధిలో ఇన్ని తలుపులు పక్కపక్కనే తెరిచి ఉంటే ఏ తలుపు లోపలికి వెళ్లాలి?

ధర, జనం, మెనూ చూసి ఎంచుకునేవారే ఎక్కువ. అవి ముఖ్యం కావని నేను అనను. అయితే 1885లో బాల్టిమోర్‌లో పుట్టిన నేషనల్ బొహీమియన్ బీరు ఈ వీధిలో ఏ కౌంటర్ దగ్గర తాగినా ఒకే రుచి. కాఫీలోనూ ఒక షాపుకూ మరో షాపుకూ ఉండే తేడా ఒక సాయంత్రాన్ని నిలబెట్టేంతదీ కాదు, చెడగొట్టేంతదీ కాదు. నా దృష్టిలో తేల్చవలసిన విషయం వేరే ఉంది. మనం వెళ్తున్నది రేవుకు. కూర్చున్న చోటు మనల్ని ఆ నీటికీ, ఆ వెలుతురుకూ దగ్గర చేస్తోందా, లేక వాటి నుంచి దూరంగా ఒక చీకటి గదిలోకి తీసుకుపోతోందా? ఫెల్స్ పాయింట్ విషయంలో ఈ ప్రశ్నకు ఇంత బరువు ఉండడానికి అక్కడి ఇళ్ల కట్టుబడే కారణం.

ఎడ్వర్డ్ ఫెల్ 1763లో ఈ నేలను స్థలాలుగా విడగొట్టి అమ్మకానికి పెట్టాడు. లోతైన నీరు, ఓడలు నిలవడానికి అనువైన ఒడ్డు ఉండడంతో ఇక్కడ ఓడల నిర్మాణం త్వరగా వేళ్లూనుకుంది. వేగానికి పేరుపొందిన బాల్టిమోర్ క్లిప్పర్లనే తెరచాప ఓడలు ఈ ఒడ్డున తయారైనవే. అమెరికా, బ్రిటన్‌ల మధ్య 1812 యుద్ధంలో ప్రభుత్వ అనుమతితో బ్రిటిష్ వర్తక నౌకలను వేధించిన ప్రైవేటు ఓడల్లో చాలా ఇక్కడివే. అటువంటి చోట నీటికి దగ్గరగా ఉన్న ప్రతి అడుగుకూ విలువ ఉంటుంది కాబట్టి ఇళ్లన్నీ వీధి వైపు సన్నగా, వెనక్కు పొడవుగా, ఒకదాని గోడకు మరొకటి ఆనుకొని లేచాయి. నేటి బార్లు, పబ్బులు చాలావరకు ఆ వరస ఇళ్ల కింది అంతస్తుల్లోనే ఉన్నాయి. ఎడమ గోడా కుడి గోడా పొరుగింటివి కావడం వల్ల కిటికీ ఉండేది వీధి వైపే. గుమ్మం దాటి పది అడుగులు వేసేసరికి వెలుతురు తగ్గిపోతుంది. ఆ తర్వాత మిగిలేది పొడవాటి కౌంటరు, సీసాల అర, ఇటుక గోడ. ఆ కిటికీలోంచి చూసినా ముందు కనిపించేది రాళ్లు పరిచిన వీధి, దానికి అవతల గోదాములు, పాత కట్టడాలు. నీళ్లు వాటికి కూడా అవతల ఉన్నాయి. రేవు పక్కన కూర్చున్నామనుకుంటూనే రేవును ఒక్కసారైనా చూడకుండా ఇంటికి తిరిగి వెళ్లేవారు ఎక్కువగా ఉండడానికి ఇదే కారణమని నా నమ్మకం.

ముందు బార్ల సంగతి. వీటిలో అందరికీ తెలిసిన పేరు ‘ది హార్స్ యూ కేమ్ ఇన్ ఆన్’. ఇది 1775 నుంచి ఆగకుండా, అమెరికా అంతటా మద్యనిషేధం అమల్లో ఉన్న కాలంలో కూడా, నడుస్తూ వచ్చిందని చెప్పుకుంటుంది. మేరీలాండ్ ఆ రోజుల్లో నిషేధం అమలుకు తన సొంత చట్టమే చేయలేదు కనుక, ఆ మాటను కొట్టిపారేయవలసిన పనిలేదు. రచయిత ఎడ్గర్ అలన్ పో చివరిసారి తాగింది ఇక్కడేనన్న కథను మాత్రం కథగానే వినాలి. 1849 అక్టోబరు 3న ఆయన స్పృహ సరిగా లేని స్థితిలో కనిపించింది లాంబార్డ్ వీధిలోని ఒక సత్రంలో. నాలుగు రోజుల తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు. అంతకు ముందు రోజుల్లో ఆయన ఎక్కడెక్కడ తిరిగాడన్నదానికి నమ్మదగిన ఆధారం లేదు. కథ నిజమైనా కాకపోయినా, అంత పాత గదిలో నిలబడి ఒక గ్లాసు పుచ్చుకోవడంలో ఉన్న ఆనందం నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. ఇబ్బంది అంతా వేళతో వస్తుంది. శుక్ర, శనివారాల్లో రాత్రి తొమ్మిది దాటాక ఇటువంటి బార్లలో కూర్చోవడం అన్న మాటే ఉండదు. పాటగాడి మైకు, దానిమీద జనం గొంతులు, ఇటుక గోడలకు తగిలి తిరిగొచ్చే చప్పుడు కలిసి పక్కనున్న మనిషితో చెవిలో అరిచి మాట్లాడవలసి వస్తుంది. ఇరవై ఐదేళ్ల వయసులో నలుగురు స్నేహితులతో వచ్చినవారికి అదే కావాలి, అది తప్పు కాదు. కానీ కిటికీకి అవతల రాత్రి, కిటికీకి ఇవతల జనం. అప్పుడు ఆ బార్ ఈ రేవులో ఉన్నా, మరే నగరంలో ఉన్నా తేడా తెలియదు. చరిత్ర కోసం వెళ్లదలచినవారు అదే బార్‌కు మామూలు రోజున మధ్యాహ్నం మూడింటికి వెళ్లాలి. కౌంటరు మీద చెయ్యి ఆనించే చోటు దొరుకుతుంది, పోసే మనిషికి మాట్లాడే తీరిక ఉంటుంది.

పబ్బులు ఇంతకంటే మేలు, ఎందుకంటే అవి మనిషిని కూర్చోబెట్టి, తిండి పెట్టి, కొంతసేపు నిలిపి ఉంచుతాయి. థేమ్స్ వీధి మొదట్లో ఉన్న డూడాస్ టావెర్న్ 1949 నుంచి ఉంది. అక్కడ పీతమాంసపు క్రాబ్ కేక్ తిని, పక్కన బీరో సోడానో పెట్టుకొని గంటసేపు మాట్లాడుకోవచ్చు. బ్రాడ్‌వే మీదున్న మాక్సెస్ టాప్‌హౌస్ వేరే రకం: వందకు పైగా కుళాయిల నుంచి బీరు పోస్తారు, ఫిబ్రవరిలో బెల్జియన్ బీర్ల పండుగ జరుపుతారు. బీరును రుచి చూసి, ఒకదానితో ఒకటి పోల్చి, పేరు గుర్తుపెట్టుకునే అలవాటున్నవారికి ఈ చుట్టుపక్కల దానికి సాటి లేదు. ఆ అలవాటు లేనివారికి ఆ జాబితా భారమే అవుతుంది, ఏదో ఒకటి ఇమ్మని అడిగి బయటపడతారు.

నా మనసు మొగ్గేది మాత్రం 1975లో మొదలైన క్యాట్స్ ఐ పబ్ వైపు. సంగీతమే దానికి ప్రాణం. బ్లూస్, ఐరిష్ పాటలు వినడానికే అక్కడికి వెళ్లేవారున్నారు. గది చిన్నది, అందుకే వాయించేవారికీ వినేవారికీ మధ్య దూరం ఉండదు. గిటారు తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపిస్తుంది. బార్లలో చప్పుడు మన మాటకు అడ్డొస్తే, ఇక్కడ మనం మాట ఆపి వినడానికే వచ్చాం కనుక ఆ ఫిర్యాదు ఉండదు. పగటిపూట సంగీతం ఉన్న రోజున వెళ్తే వీధి వైపు నుంచి వెలుతురూ దక్కుతుంది. వర్షం పడుతున్నా, జనవరి చలిగాలి నీటి మీదుగా కోస్తున్నా నేను మరో ఆలోచన లేకుండా పబ్‌నే ఎంచుకుంటాను.

ఈ వీధి ఇలా మిగిలి ఉండడం వెనుక ఒక పోరాటం ఉందని వచ్చినవారికి చెప్పడం నాకు ఇష్టం. 1960లలో ఈ ఒడ్డు మీదుగా పెద్ద రహదారి వేయాలని నగరం తలపెట్టింది. ఇళ్లు కొని కూల్చే పని కూడా కొన్నిచోట్ల మొదలైంది. స్థానికులు సంఘంగా ఏర్పడి ఎదిరించారు. 1969లో ఫెల్స్ పాయింట్ జాతీయ చారిత్రక స్థలాల జాబితాకు ఎక్కింది. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన సామాజిక కార్యకర్త బార్బరా మికుల్‌స్కీ తర్వాత నగర మండలికి, చివరికి అమెరికా సెనేట్‌కు ఎన్నికయ్యారు. రహదారి వచ్చి ఉంటే నేను పైన చెప్పిన తలుపుల్లో చాలావాటికి ఎదురుగా కాంక్రీటు స్తంభాలు ఉండేవి. అందుకే అంత కష్టపడి కాపాడుకున్న నీటికి వీపు పెట్టి కూర్చోవడం నాకు మనసొప్పదు.

కాఫీ షాపు వైపు నా అభిప్రాయం మొగ్గేది ఇక్కడే. గోడలు, దీపాలు, సోఫాల లెక్కన చూస్తే కాఫీ షాపు పబ్ ముందు తేలిపోతుంది, దానికి పాత కథలూ తక్కువే. కానీ దానికున్న ఒక్క సుగుణం మిగతా అన్నిటినీ దాటిపోతుంది: కప్పు చేతిలో పట్టుకొని బయటికి రావచ్చు. బీరు గ్లాసుతో గుమ్మం దాటి వీధిలో నడవడానికి వీల్లేదు. కాఫీ కప్పుకు ఆ అడ్డు లేదు. ఆన్ వీధి నీటిని తాకే చోట ఉన్న పిటాంగో అనే కాఫీ షాపులోనో, బ్రాడ్‌వే మీద మరో దుకాణంలోనో కాఫీ తీసుకొని నాలుగడుగులు వేస్తే బ్రాడ్‌వే రేవుకట్ట వస్తుంది. పొద్దు వాలే వేళకు దాని అంచుకు చేరితే పడవల తాళ్లు కట్టకు రాసుకునే చప్పుడు, నీటి మీద డీజిల్ వాసన, ఎదురుగా లోకస్ట్ పాయింట్ ఒడ్డున డామినో చక్కెర కర్మాగారం కనిపిస్తాయి. ఆ కర్మాగారం మీది ఎర్ర అక్షరాల బోర్డు 1951లో పెట్టింది. 2021లో నియాన్ గొట్టాలు తీసి ఎల్‌ఈడీ దీపాలు అమర్చారు. చీకటి పడుతుండగా అది వెలిగి, ఆ ఎరుపు నీటి మీద ముక్కలుగా కదులుతుంటే, ఈ పేటకు వచ్చిన పని అయిందని నాకు అనిపిస్తుంది. ఏ బార్ కౌంటరూ ఆ దృశ్యాన్ని ఇవ్వలేదు.

కాఫీకి కథలు తక్కువ అన్నాను గాని, మద్యంతో సంబంధం లేని చరిత్ర ఈ వీధికి చాలానే ఉంది, అది కప్పు చేత్తో నడుస్తూ చూడవలసినదే. బానిసగా ఇక్కడ పెరిగి, తర్వాత బానిసత్వంపై పోరాడిన నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్, చదువు నేర్చుకోవడమే నేరంగా చూసిన రోజుల్లో, ఇదే థేమ్స్ వీధిలోని ఒక పుస్తకాల దుకాణంలో 50 సెంట్లు పెట్టి ఉపన్యాసాల సంకలనం ఒకటి కొనుక్కున్నాడు. తర్వాత ఇక్కడ ఓడలు కట్టే చోట్లనే చెక్కల సందులు పూడ్చే పని చేశాడు. 1838లో బాల్టిమోర్ నుంచే తప్పించుకొని స్వేచ్ఛ పొందాడు. వీధి పడమటి కొసన ఆయన పేరిట, నల్లజాతి కార్మిక నాయకుడు ఐజాక్ మయర్స్ పేరిట ఒక సముద్ర వారసత్వ కేంద్రం ఉంది. అమ్మానాన్నలను తీసుకొచ్చినవారు పో తాగిన కథ చెప్పడానికి బార్ ముందు ఆగడం కంటే, అక్కడి దాకా నడిపించి డగ్లస్ పుస్తకం కొన్న కథ చెప్తే బాగుంటుంది. నా అనుభవంలో పెద్దవాళ్లు ఆ కథను ఊరికి తిరిగి వెళ్లాక కూడా తలచుకుంటారు.

వెంట ఎవరున్నారన్నది కూడా చూడాలి. ఇరవై ఒకటి నిండని పిల్లలు వెంట ఉంటే రాత్రి బార్ ప్రసక్తే లేదు. ఊరి నుంచి వచ్చినవారు బార్‌కు వెళ్లాలనుకుంటే పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి; గుమ్మం దగ్గర భారతీయ డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. ముప్పై మైళ్ల అవతల నుంచి ఒకే కారులో వచ్చిన బృందంలో నడిపేవాడు ఒకడు తప్పకుండా తాగకుండా ఉండాలి, ఆ మనిషిని మూడు గంటలు బార్ మూలన సోడా గ్లాసుతో నిలబెట్టడం న్యాయం కాదు. తిండి ఉన్న పబ్, లేదా కాఫీ, అతనికి కూడా సాయంత్రాన్ని మిగులుస్తాయి.

ఇక మిగిలినవి. 1914లో కట్టిన రిక్రియేషన్ పియర్ అనే రేవు కట్టడం 2017లో పెండ్రీ హోటలైంది. అందులోని క్యానన్ రూమ్ అనే విస్కీ బార్‌లో, మరమ్మతుల సమయంలో దొరికిన పాత ఫిరంగిని నేలలో అద్దం కింద ఉంచారు. చూడదగినదే, ఖర్చు మాత్రం హోటల్ స్థాయిలో ఉంటుంది. ఆన్ వీధి మూలనున్న వార్ఫ్ రాట్ ఆంగ్ల పద్ధతి పబ్, నిదానంగా తాగేవారికి సరిపోతుంది. వన్ ఐడ్ మైక్స్‌లో గ్రాండ్ మార్నియర్ అనే నారింజ రుచి మద్యం సీసాల క్లబ్బు ఉంది, ఆ మద్యం మీద ఇష్టం ఉన్నవారికి. మస్సెల్స్ అనే ఆల్చిప్పల వంటకాలకు పేరుపడ్డ బర్తాస్ గురించి ఇప్పటికీ అడుగుతున్నారు. 1972 నుంచి నడిచిన ఆ చోటు 2023లో మూతపడింది.

అక్టోబరులో ఫన్ ఫెస్టివల్ జరిగే వారాంతానికి ఈ పోలికలేవీ పనికిరావు. రహదారిపై పోరాటానికి డబ్బు కూడగట్టడం కోసం 1967లో మొదలైన పండుగ అది. వీధులన్నీ జనంతో నిండి ఏ బార్‌లోనూ, ఏ పబ్‌లోనూ మధ్యాహ్నం తర్వాత కుర్చీ దొరకదు. ఆ రెండు రోజుల్లో వెళ్లదలచినవారు కారు ఇంటి దగ్గరే వదిలి, ఉదయమే చేరుకొని, కాఫీ తీసుకొని, గుడారాలు నిండకముందే రేవుకట్ట మీద చోటు చూసుకోవాలి.