పాకాలకు పోతే సద్ది కట్టుకునే పోవాలి

హనుమకొండలో ఇన్నేళ్ల నుంచి ఉంటూ పాకాల చెరువు చూడలేదంటే మా బాపు నవ్వాడు. నవంబరులో ఒక ఆదివారం ఆయన్నే కారెక్కించుకుని బయల్దేరాం. నర్సంపేట దాకా దాదాపు 40 కిలోమీటర్లు, అక్కణ్నుంచి ఇంకో 12. నర్సంపేట వరకు బస్సులకు కొదవ లేదు. ఆ తర్వాత ఆటోయే దిక్కు, రానుపోను కలిపి ముందే మాట్లాడుకోవాలి. దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, మెల్లగా పోవాల్సి వచ్చింది. పొలాలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యాక ఏసీ ఆపి అద్దాలు దించాం.

కట్ట ఎక్కగానే బాపు చెప్పులు విడిచాడు. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి చెరువు, 1213 ప్రాంతంలో కట్టారంటారు. గుట్టల మధ్య సందును ఒక్క కట్టతో మూసేశారు, అంతే. ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో కలిసే మున్నేరు మొదలు ఇక్కడే. మేమంతా ఫోటోల్లో ఉంటే, రైతు మనిషి కదా, బాపు తూము దగ్గరే అరగంట నిలబడ్డాడు. నీళ్లలో ఎండిన మోడు మీద నీటికాకి ఒకటి రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటోంది, మేం పోయేదాకా కదల్లేదు.

చుట్టూ అభయారణ్యమే గానీ జంతువులు కనబడతాయని పిల్లలకు ఆశ పెట్టకండి. కనబడేవి కోతులే. మా పులిహోర డబ్బా ఎత్తుకెళ్లిన కోతి ఎండుమిరపకాయలు ఏరి పక్కన పడేసి మరీ తింది! తిండి రెండు సంచుల్లో సర్దుకోండి, ఒకటైనా మిగులుతుంది.

రాత్రికి ములుగు వైపు ఒక ప్రైవేటు కాటేజీలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. గీజర్ పనిచేయలేదు, భోజనం చెప్పిన రెండు గంటల తర్వాత వచ్చింది, పక్కన డీజే అర్ధరాత్రి దాకా. ఆ డబ్బు దండగ.

పొద్దున రామప్ప. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి, ఎండ ముదరకముందే పోతే శిల్పాలు తీరిగ్గా చూడొచ్చు. లక్నవరం చెరువులో వేలాడే వంతెన, బోటు పిల్లలకు తెగ నచ్చాయి. నాకైతే జనమే ఎక్కువ కనిపించారు.

మళ్లీ వెళ్తే పాకాల ఒక్కటే పెట్టుకుంటాను. తెల్లారి బయల్దేరి, చీకటి పడకముందే ఇల్లు చేరేలా.