డిజిటల్ సంతకం టోకెన్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

శ్రీకాకుళంలో ట్యాక్స్ కన్సల్టెంట్‌ని. పలాస జీడి ఫ్యాక్టరీల వాళ్లు, రైస్ మిల్లర్లు, చిన్న కాంట్రాక్టర్లు నా దగ్గరకు వస్తుంటారు. కంప్యూటర్ ఫైళ్ల మీద సంతకం పెట్టడానికి కావాల్సిన డిజిటల్ సర్టిఫికెట్ ఉండే చిన్న పరికరమే యూఎస్‌బీ టోకెన్. క్లాస్ 2 అనే పాత రకం సర్టిఫికెట్ల రోజుల నుంచి దాన్ని వాడుతున్నాను. 2021 జనవరి నుంచి వాటి జారీ ఆగిపోయి, అందరం క్లాస్ 3కి మారాం.

టోకెన్ మంచి వస్తువే. సంతకం పెట్టే రహస్య సంకేతం, అంటే ప్రైవేట్ కీ, అందులోంచి బయటకు రాదు, కాపీ తీయడం కుదరదు. కానీ చాలామంది టోకెన్‌నీ పిన్‌నీ కలిపి కన్సల్టెంట్ చేతిలో పెట్టేస్తారు. నేను తీసుకోను. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఆ కీని జాగ్రత్తగా తన అధీనంలో ఉంచుకోవాల్సింది సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో వాళ్లే.

అసలు ఇబ్బంది గడువు తీరాక మొదలవుతుంది. సర్టిఫికెట్ బతికేది మహా అయితే మూడేళ్లు. బ్యాంకు వాళ్లు లోన్ కోసం అంతకన్నా పాత బ్యాలెన్స్ షీట్ అడుగుతారు. ఒక జీడి వ్యాపారి వేరేచోట సంతకం చేయించుకున్న పీడీఎఫ్ తెచ్చారు. తెరిస్తే పచ్చ టిక్ లేదు, ప్రశ్న గుర్తు. పాపం, ఆయనకి ఒకటే టెన్షన్. సంతకం అబద్ధం కాదు, కానీ అది సర్టిఫికెట్ బతికుండగానే పెట్టిందని చూపే టైమ్‌స్టాంప్ అందులో లేదు. కంప్యూటర్ గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు, కాబట్టి ఆ టైమ్ సాక్ష్యంగా నిలవదు. టైమ్‌స్టాంప్ సర్వర్ అయితే బయటి సంస్థగా ఆ సమయానికి తన సంతకం జోడిస్తుంది. రేపు టోకెన్ పోయి సర్టిఫికెట్ రద్దు చేయించుకున్నా, అంతకుముందు పెట్టిన సంతకాలను కాపాడేది అదే.

అడోబీ రీడర్‌లో సిగ్నేచర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి టైమ్‌స్టాంప్ సర్వర్ చేర్చుకోవాలి. సర్టిఫికెట్ రద్దు కాలేదన్న సమాచారం కూడా ఫైల్‌లోనే చేరేలా టిక్ పెట్టాలి. ఇంత ముఖ్యమైన సంగతి టోకెన్ అమ్మినవాళ్లు ఒక్కరూ నాకు చెప్పలేదు. డబ్బు తీసుకుని ఇచ్చే సేవలో ఇది కూడా భాగం కావాలని గట్టిగా అంటాను.

కొత్త కంప్యూటర్‌లో నిన్నటి సంతకానికి కూడా ప్రశ్న గుర్తు వస్తే కంగారు పడొద్దు. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలను నియంత్రించే ప్రభుత్వ కార్యాలయం సీసీఏ. దాని వెబ్‌సైట్ నుంచే రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లన్నిటికీ మూలమైనది) దించుకుని, అడోబీలో నమ్మదగినదిగా గుర్తిస్తే చాలు. సంతకమైన పీడీఎఫ్‌ని ప్రింట్ తీసి స్కాన్ చేస్తే మిగిలేది బొమ్మే, అందుకే ఒరిజినల్ ఫైల్‌నే మెయిల్ చేయమంటాను.

రెన్యూవల్‌కి వీడియో వెరిఫికేషన్ ఉంటుంది, పెద్ద కష్టమేమీ కాదు. టెండర్లు వేసేవాళ్లు మాత్రం ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ (ఫైల్‌ని ఇతరులు చదవకుండా లాక్ చేసేది) ఉన్న పాత టోకెన్‌ని గడువు తీరినా పారేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఆ సర్టిఫికెట్‌తో లాక్ చేసిన బిడ్ తెరుచుకునేది అందులోని కీతోనే.