దాసరి సుబ్రహ్మణ్యం గారి చందమామ సీరియల్స్, పుస్తకాలుగా: పిల్లలున్న ప్రతి ఇంట్లో ఉండాలండి

ముందే చెప్పేస్తా, ఐదుకి ఐదు స్టార్లు. చందమామలో నెలనెలా వచ్చిన దాసరి గారి జానపద సీరియల్స్ ఇప్పుడు విడివిడి పుస్తకాలుగా దొరుకుతున్నాయి, ఒక్కొక్కటే కొంటూ రాత్రిపూట పిల్లలకి చదివి వినిపిస్తున్నా, పెద్దాడికి పదకొండు, చిన్నదానికి ఎనిమిది, ఒక భాగం అయిపోయాక ఇక పడుకోండ్రా అంటే ఇద్దరూ ఒప్పుకోరు. ఎలా ఒప్పుకుంటారు, సరిగ్గా ఎవడో చెట్టు మీంచి దూకిన చోటో, గుహలోంచి గర్జన వినపడిన చోటో ఆపేస్తారాయన. అప్పట్లో తర్వాత ఏమైందో తెలియాలంటే నెల్రోజులు ఆగాలి మరి!

కవర్ మీద ఆయన పేరు చూసి నాకైతే చాలా సంతోషమేసింది. ఎందుకంటే చందమామలో సీరియల్‌కి రచయిత పేరు వేసేవాళ్ళు కాదు. బొమ్మల్లో చిత్రా గారి సంతకం ఉండేది కాబట్టి ఆయన అందరికీ తెలుసు, కథ రాసినాయన మాత్రం తెలీదు. 1932లో గుంటూరు జిల్లా పెదగాదెలవర్రులో పుట్టి, 1952లో మద్రాసులో చందమామలో చేరి, 2006 దాకా అక్కడే ఉన్నారు, అంటే యాభై ఏళ్ళ పైన ఒకే పత్రికలో! 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి డెబ్బైల చివర భల్లూక మాంత్రికుడు దాకా పన్నెండు సీరియల్స్ రాశారు, అవి మిగతా భాషల చందమామల్లోకీ వెళ్ళాయి, అంటే ఎన్ని రాష్ట్రాల పిల్లలు పేరు కూడా తెలియకుండా ఈయన్ని చదివారో చూడండి. 2010 జనవరిలో విజయవాడలో పోయారు. బతికుండగా ఇంకా చాలా గౌరవం దక్కాల్సిన మనిషి అని నా గట్టి అభిప్రాయం.

ఇక కథల సంగతి. వర్ణనలతో సాగదీయరు, నాలుగు లైన్లు చదివేసరికి మనం అడవిలో ఉంటాం. ఎక్కువగా ఇద్దరు స్నేహితులు కలిసి బయల్దేరతారు, శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి అలాగే, యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తు అలాగే. మంత్రాలు ఎన్ని ఉన్నా చివరికి పనికొచ్చేది ధైర్యం, సమయానికి తట్టిన ఉపాయం. నాకు బాగా నచ్చింది ఏంటంటే మాంత్రికులకి కూడా భయాలుంటాయి, దురాశ ఉంటుంది, వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటారు, తోకచుక్కలో ఏకాక్షి, చతుర్నేత్రుడు ఒకళ్ళంటే ఒకళ్ళకి పడక చేసే హడావిడి మా వాళ్ళకి ఎంత ఇష్టమో, ఆ పేర్లు పెట్టుకునే ఇంట్లో ఆడుకుంటున్నారు. భాష కూడా తేలిక, చిన్న వాక్యాలు, మధ్యలో ఆగి అర్థం చెప్పాల్సిన మాటలు తక్కువ, చెప్పాల్సి వచ్చినా అదీ మంచిదే కదా, ఇంగ్లీష్ మీడియం పిల్లలకి తెలుగు ఇంతకంటే హాయిగా ఎక్కడ ఎక్కుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆడపిల్లలకి కథలో పెద్దగా పని ఉండదు, మా చిన్నది "అమ్మాయిలు కత్తి పట్టుకోరా నాన్నా" అని అడిగింది, న్యాయమైన ప్రశ్నే. రెండు పుస్తకాలు వెంటవెంటనే చదివితే అడవి, కొండ, గుహ, మాంత్రికుడు అన్నీ కలిసిపోయి ఇది ఆ కథా ఈ కథా అనిపిస్తుంది, మధ్యలో వేరేదేదైనా చదవండి. అంతదూరం నడిపించి ముగింపు టకటకా అయిపోవడం కూడా కొన్నిట్లో ఉంది.

మొదట ఒక్కటే కొందాం అనుకుంటే శిథిలాలయం తీసుకోండి, పిల్లలకి నచ్చితే తర్వాత రాకాసిలోయ. ఆన్‌లైన్‌లో ఒక్కోసారి కొన్ని టైటిల్స్ స్టాక్ ఉండట్లేదు, హైదరాబాద్, విజయవాడ బుక్ ఫెయిర్లకి వెళ్తే పిల్లల పుస్తకాల స్టాల్స్‌లో అడిగి చూడండి.