షెల్ స్క్రిప్టింగ్ కోర్సు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు డబుల్ కోట్స్ చూడండి

సిస్టమ్ అడ్మిన్ పని కోసమంటూ అమ్ముతున్న షెల్ స్క్రిప్టింగ్ (కమాండ్లని ఫైల్లో రాసి వరసగా నడిపించడం) కోర్సుల్లో చాలావాటికి ఒకటే జబ్బు. స్క్రిప్టు సరిగ్గా నడిచిన సందర్భమే చూపిస్తారు, చెడిపోయే సందర్భం చూపించరు. సర్వర్ మీద ఉద్యోగమంతా ఆ రెండోదాంతోనే.

జబ్బు పట్టుకోవడం కష్టం కాదు. ఉచితంగా చూడనిచ్చే ప్రివ్యూ వీడియో తెరిచి, కమాండ్ పక్కన వాడిన వేరియబుల్‌కి (విలువ దాచిన పేరుకి) డబుల్ కోట్స్ పెట్టారో లేదో చూడండి. కోట్స్ లేని వేరియబుల్‌ని షెల్ స్పేస్ ఉన్నచోటల్లా ముక్కలు చేస్తుంది. అందులో స్టార్ గుర్తు ఉంటే దాన్ని ఫైళ్ల పేర్లుగా విప్పుతుంది కూడా. 'పాత లాగ్' అనే ఒక ఫైల్ని తీసేయమంటే 'పాత', 'లాగ్' అనే రెండు ఫైళ్ల కోసం వెతుకుతుంది. అవి నిజంగానే ఉంటే రెండూ పోతాయి. డెమో ఫైళ్ల పేర్లలో స్పేసులు ఉండవు కాబట్టి వీడియోలో అంతా బాగానే కనిపిస్తుంది. ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్ కమాండ్ అవుట్‌పుట్ మీద ఫర్ లూప్ తిప్పడం కూడా ఇదే కోవలోది.

స్పేస్ ఎంత పని చేస్తుందో 2011లో లినక్స్ గ్రాఫిక్స్ కార్డుల కోసం రాసిన బంబుల్‌బీ ప్రాజెక్టు ఇన్‌స్టాల్ స్క్రిప్టు చూపించింది. ఫైళ్లు తీసేసే ఆర్ఎం కమాండ్‌కి ఇచ్చిన పాత్ (ఫైల్ చిరునామా) మధ్యలో పొరపాటున ఒక్క స్పేస్ పడి ప్రోగ్రాములుండే యూఎస్ఆర్ డైరెక్టరీ మొత్తం ఎగిరిపోయింది. 2015లో గేముల యాప్ స్టీమ్ లినక్స్ స్క్రిప్టు వల్ల జరిగిన నష్టం మరో రకం. అక్కడ కోట్స్ ఉన్నాయి. కానీ ఫోల్డర్ పాత్ ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా మిగిలింది, దాని వెనకాలే స్లాష్, స్టార్ ఉన్నాయి. దాంతో ఆర్ఎం రూట్ (అన్నిటికన్నా పై డైరెక్టరీ) నుంచి మొదలుపెట్టి, ఆ యూజర్‌కి అనుమతి ఉన్న ఫైళ్లన్నీ తీసేస్తూ పోయింది. 'సెట్ మైనస్ యూ పెడితే చాలు' అని చెప్పే ట్రైనర్లు దీన్ని గమనించాలి. ఆ ఆప్షన్ అసలు సెట్ చేయని వేరియబుల్‌నే పట్టుకుంటుంది, సెట్ అయి ఖాళీగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. ఖాళీని ఆపాలంటే ఫ్లవర్ బ్రాకెట్లలో వేరియబుల్ పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం పెట్టాలి. ఆర్ఎం పాఠంలో ఈ రెండు గుర్తులూ లేవంటే ఆ కోర్సు వదిలేయండి.

సెట్ మైనస్ ఇ గురించి కూడా 'తప్పు వస్తే స్క్రిప్టు ఆగిపోతుంది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇఫ్ షరతులో ఉన్న కమాండ్ ఫెయిలైతే అది ఆగదు. ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని మరోదానికి పంపే పైపులో అయితే చివరి కమాండ్ ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. డేటాబేస్ డంప్‌ని, కుదించే జీజిప్‌కి పైప్ చేసే బ్యాకప్ స్క్రిప్టునే తీసుకోండి, ప్రతి కోర్సులోనూ ఉంటుంది. పాస్‌వర్డ్ మారి డంప్ ఏమీ ఇవ్వకపోయినా జీజిప్ తన పని తాను చేసి సున్నా (అంటే సక్సెస్) ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. రోజూ 'బ్యాకప్ సక్సెస్' అనే మెయిల్ వస్తుంది, డిస్క్ మీద మాత్రం 20 బైట్ల ఫైళ్లు పేరుకుంటాయి. పైపులో ఏ కమాండ్ ఫెయిలైనా పట్టుకునే పైప్‌ఫెయిల్ ఆప్షన్ ఉన్నది ఇందుకే. ఆ బ్యాకప్‌ని తిరిగి రీస్టోర్ చేసి చూపించే కోర్సు దొరికితే అదృష్టమే.

చెప్పిన టైముకి స్క్రిప్టుని నడిపే క్రాన్ చాప్టర్, టైము చెప్పే ఐదు నక్షత్రాల అర్థం చెప్పి అయిపోయిందంటే అది సగం పాఠమే. కమాండ్లని ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్ క్రాన్‌లో టెర్మినల్‌లో ఉన్నట్టు ఉండదు, మామూలుగా అందులో రెండు మూడు డైరెక్టరీలే ఉంటాయి. అందుకే చేత్తో నడిపినప్పుడు పనిచేసిన స్క్రిప్టు రాత్రి 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది. క్రాన్‌ట్యాబ్ (క్రాన్ పనుల జాబితా) లైన్లో పర్సెంట్ గుర్తును కొత్త లైన్‌గా తీసుకుంటారన్న సంగతైతే దాదాపు ఎవరూ చెప్పరు. డేట్ కమాండ్‌తో ఫైల్ పేరు పెట్టాలంటే ఆ పర్సెంట్ ముందు బ్యాక్‌స్లాష్ తప్పనిసరి.

స్క్రిప్టుని ఏ షెల్ నడపాలో చెప్పే మొదటి లైన్లో ఎస్‌హెచ్ అని రాసి, కింద బ్యాష్ షెల్ అర్రేలు (విలువల జాబితాలు) వాడేవాళ్లూ ఉన్నారు. ఉబుంటులో 2006 నుంచి, డెబియన్‌లో 2011 నుంచి ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే వేరే షెల్, బ్యాష్ కాదు. అర్రే రాగానే స్క్రిప్టు పడిపోతుంది. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఏమో 3.2 దగ్గరే ఆగిపోయింది. 2009లో 4.0తో వచ్చిన అసోసియేటివ్ అర్రేలు (పేరుతో విలువ వెతికే జాబితాలు) అందులో పనిచేయవు.

సెంటోస్ 7 అనే లినక్స్ మీద రికార్డు చేసిన పాఠాలైతే, 2024 జూన్ 30తో దాని సపోర్ట్ ముగిసిందని గుర్తుంచుకోండి. లూపులు, కోట్స్ మారవు గానీ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పాఠాలు మొదటి కమాండ్ దగ్గరే ఆగిపోతాయి. కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్‌ని రెడ్‌హ్యాట్ పరీక్ష పెట్టి ఇచ్చే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏతో సమానంగా చూపిస్తే అసలు నమ్మకండి. ఆ పరీక్షలో నడుస్తున్న మెషిన్ మీద పని చేసి చూపించాలి.

ప్రివ్యూలో కనిపించిన స్క్రిప్టుని ఉన్నదున్నట్టు టైప్ చేసి, స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్‌లో వేయండి, అది ఉచితం. ఎస్‌సీ 2086 అనే హెచ్చరిక వరసగా వస్తే కోట్స్ లేవని అర్థం. ఇప్పటికే కొనేసినవాళ్లు మొదటి వీడియో నుంచి కాకుండా ముందు క్రాన్, ట్రాప్ (స్క్రిప్టు ఆగేటప్పుడు శుభ్రం చేయించేది), ఎమ్‌కెటెంప్ (తాత్కాలిక ఫైల్ చేసేది) పాఠాలు తెరవండి. ఎంత శాతం చూస్తే రీఫండ్ పోతుందో అంతకుముందే చదువుకోండి. బోనస్‌గా ఇచ్చిన రెడీమేడ్ స్క్రిప్టులని స్నాప్‌షాట్ తీసిన వర్చువల్ మెషిన్‌లో తప్ప ఎక్కడా రూట్‌గా (పూర్తి అధికారాలున్న యూజర్‌గా) నడపకండి.