ఆరేళ్లు వాడాక మా 780 నానోమీటర్ల లేజర్ గురించి

రుబీడియం పరమాణువుల్ని చల్లబరిచే మా ట్రాప్‌లో కూలింగ్ లేజర్‌ని మేమే కట్టుకున్నాం. ఒక డయోడ్, ముందు లెన్స్, కావాల్సిన రంగు వెలుగుని డయోడ్‌లోకి తిప్పి పంపే, మిల్లీమీటరుకు 1800 గీతలున్న గ్రేటింగ్, దాన్ని కొద్దికొద్దిగా కదిలించడానికి వెనక పీజో, అన్నిటికీ అడుగున ఉష్ణోగ్రత పట్టి ఉంచే పెల్టియర్. అంతే. పీహెచ్‌డీ మొదటి ఏడాది కట్టాను, ఆరో ఏడాదిలోనూ దాంతోనే డేటా తీస్తున్నాను.

ముందు మంచి చెప్తాను. లోపల మనకు తెలియని భాగం ఒక్కటీ లేదు, ఏది పాడైనా విప్పి బాగుచేసుకోవచ్చు. పీజోతో పాటు కరెంట్‌నీ సరైన పాళ్లలో కదిలిస్తే రుబీడియం నాలుగు డాప్లర్ గుంతలూ (అది వెలుగుని పీల్చుకునే చోట్లు) ఒకే స్వీప్‌లో ఆసిలోస్కోప్ మీదికి వస్తాయి. అది మొదటిసారి చూసిన రోజు నేను ఇంటికి వెళ్లలేదు.

అలైన్‌మెంట్‌కి మాత్రం ఓపిక కావాలి. కరెంట్‌ని త్రెషోల్డ్‌కి (లేజర్‌గా వెలగడం మొదలయ్యే కరెంట్‌కి) కాస్త కింద పెట్టి గ్రేటింగ్ స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతుంటే, కార్డు మీద నీరసంగా ఉన్న చుక్క ఒక్కసారి గుప్పున వెలుగుతుంది. అక్కడ ఆగి, కరెంట్ ఇంకాస్త తగ్గించి మళ్లీ అదే పని. ఇక తగ్గిస్తే వెలగదు అన్నంతవరకూ. మొదట్లో రెండు రోజులు పట్టింది, ఇప్పుడు అరగంట. అన్నట్టు, 780 కంటికి మసక ఎరుపుగానే కనిపిస్తుంది. పవర్ తక్కువేలే అనుకుని గాగుల్స్ తీయకండి.

అసలు తలనొప్పి ఉష్ణోగ్రత. రెండో ఏడాది లాక్, అంటే లేజర్ ఫ్రీక్వెన్సీని రుబీడియం లైన్ మీద పట్టి ఉంచడం, పదే పదే ఊడిపోయేది. ఎలక్ట్రానిక్స్ తప్పేమో అని లాక్‌ని నడిపే సర్వో బాక్స్ రెండుసార్లు విప్పాను. చివరికి ఓ రాత్రి కూర్చుని, ఊడిన టైములన్నీ నోట్‌బుక్‌లో రాశాను. దాదాపు 20 నిమిషాలకోసారి! గదిలో ఏసీ కంప్రెసర్ ఆన్ అయ్యే లెక్కా సరిగ్గా అదే. తర్వాత కాగితం మీద చూస్తే ఆశ్చర్యమేం లేదు. అల్యూమినియం బేస్ డిగ్రీలో వెయ్యో వంతు వేడెక్కి సాగినా ఫ్రీక్వెన్సీ దాదాపు 9 మెగాహెర్ట్జ్ జరుగుతుంది. మనం పట్టుకోవాల్సిన రుబీడియం లైన్ సహజ వెడల్పే 6. లేజర్ చుట్టూ అక్రిలిక్ పెట్టె, లోపల ఫోమ్ పెట్టి, ఏసీ గాలి టేబుల్ మీద పడకుండా మళ్లించాక ఒక్క లాక్ మధ్యాహ్నమంతా నిలబడింది.

తలుపు గట్టిగా వేస్తే లాక్ పోవడం మాత్రం ఇప్పటికీ ఉంది. మోడ్ హాప్ (ఫ్రీక్వెన్సీ ఉన్నట్టుండి వేరే చోటికి గెంతడం) కూడా కొలత చివరి పది నిమిషాల్లోనే వస్తుంది, అదేం పగో!

ఒక డయోడ్‌ని నేనే చంపాను. చేతికి స్టాటిక్ విద్యుత్తుని వదిలించే స్ట్రాప్ లేకుండా కేబుల్ పీకాను. చిటుక్కుమని చప్పుడైనా రాలేదు. మళ్లీ పెడితే వెలుగుతోంది, కానీ కరెంట్ ఎంత పెంచినా త్రెషోల్డ్ రాదు. లేజర్ కాస్తా ఎల్‌ఈడీ అయిపోయింది. డబ్బు మిగిల్చాలనుకుంటే ఇంకెక్కడైనా మిగల్చండి గానీ కరెంట్ కంట్రోలర్, తిరిగొచ్చే వెలుగుని ఆపే ఐసొలేటర్ల దగ్గర వద్దు.

కొత్తగా కట్టేవాళ్లు, ముఖ్యంగా అదురు ఎక్కువున్న గదుల్లో, గ్రేటింగ్ బదులు ఇంటర్‌ఫియరెన్స్ ఫిల్టర్ వాడే రకం చూడటం మేలు. అలైన్‌మెంట్ అంత తేలిగ్గా చెదరదు. కూలింగ్ నుంచి జారిపోయిన పరమాణువుల్ని మళ్లీ అందులోకి తెచ్చే మా రీపంప్ లేజర్‌కి ఇప్పుడు అదే కడుతున్నాం.

ఇందులో ఇప్పుడున్నది మూడో డయోడ్. గ్రేటింగ్ మాత్రం మొదటిదే. దాని అంచున నా వేలిముద్ర ఒకటి ఇంకా ఉంది. తుడిస్తే గీతలు పోతాయని ఎవరూ ముట్టుకోలేదు.